బెల్లుకు వందనాలు, కమలవ్వకు మూడు నిమిషాలు

1994 ఏప్రిల్ ఒకటో తారీఖు, గుడ్ ఫ్రైడే. ఆ సాయంత్రం నేను తిన్నది గంజి, పెసల కూర, నంజుకోవడానికి ఇంత మామిడికాయ ఊరగాయ. గంజి మనది కాదు, మలయాళీలది. తిన్నది బల్ల ముందు కూర్చుని కాదు, కారు పార్కులో నిలబడి.

ఆ గంజి మీద ఒట్టేసి ఒక సత్యం చెప్పాలని ఉంది. ఒట్టు పెట్టుకోకూడదని వాక్యం కాబట్టి ఉత్తినే చెబుతాను. సంఘానికి సొంత గుడి లేకపోవడమంత అదృష్టం ఇంకొకటి లేదు! అద్దెకున్నవాళ్ళలా మనకిచ్చిన వేళ అయిపోగానే ఒక పెద్దమనిషి బెల్లు కొట్టి మనల్ని లేపడమంత మేలు అసలే లేదు!

నవ్వకండి. నేను నంద్యాలవాణ్ణి. సొంత గుడి, సొంత గోపురం, సొంత శ్మశానం ఉన్న సంఘంలో పెరిగినవాణ్ణి. పేపర్లకి అప్పుడప్పుడూ ఏదో ఒకటి రాసి పంపే అలవాటున్నవాణ్ణే గానీ, ఇది మాత్రం పోలిక తెలిసే మాట్లాడుతున్నాను.

మస్కట్‌లో మా గుడి రూవి నడిబొడ్డున ఉంది. ఆంగ్లికన్ గుడి అంటారు గానీ అందులో వినపడని భాష లేదు. హాలు ఒకటి, సంఘాలు బోలెడు. సెలవు శుక్రవారం కాబట్టి మా ఆదివారం శుక్రవారమే. ఘుబ్రా స్కూల్లో చదివే మా సంఘం పిల్లల్ని దేవుడు విశ్రమించిన రోజేదంటే తడుముకోకుండా శుక్రవారమంటారు. వాళ్ళ లెక్కన సృష్టి శనివారం మొదలైంది! సాయంత్రం మలయాళీలు లేస్తే మేం కూర్చుంటాం. మేం లేస్తే ఫిలిప్పీనోలు కూర్చుంటారు. మా చివరి ప్రార్థన సాగుతుండగానే బయట వాళ్ళ గిటార్లు శ్రుతి అవుతుంటాయి. పరలోకం గురించి వింటుంటే వెనక నుంచి సంగీతం! ఏ ఊళ్ళో దొరుకుతుంది ఈ భోగం?

ఇక బెల్లు సంగతి. మా సంఘ కార్యదర్శి జయశీల్ గారు ఓ హోటల్లో అకౌంట్స్ చూస్తారు. అక్కడ రిసెప్షన్ బల్ల మీద పాతబడిన బెల్లొకటి ఆయన తెచ్చారు. అరచేత్తో ఒక్కటేస్తే టింగుమంటుంది. హోటల్లో ఆ చప్పుడుకి సామాను మోసేవాడు పరుగెత్తుకొస్తాడు. గుళ్ళో ఆ చప్పుడుకి ప్రసంగీకుడు తన సామాను తనే సర్దుకుంటాడు.

మా నంద్యాలలో ప్రసంగం మొదలయ్యేటప్పుడు దోగాడే పిల్లలు దీవెన వేళకి నడుచుకుంటూ బయటికొచ్చేవాళ్ళు. అయ్యగారు నోవహు ఓడకి ఒక్కో పలకా బిగించి, జంతువులన్నిటినీ జతలు జతలుగా పేరుపేరునా ఎక్కించి, వాన కురిపించి, ఆ వాన వెలిశాకనే మమ్మల్ని ఇళ్ళకు పంపేవారు. ఇక్కడ? ఓడలో ఏనుగు ఒక కాలు పెట్టేసరికి టింగ్! మిగతా మూడు కాళ్ళూ మనం ఇంట్లో ఊహించుకోవచ్చు. విశ్వాసం పెరిగేది అలాగే కదా!

గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీది ఏడు మాటలకూ ఏడుగురు ప్రసంగిస్తారు. మా ఊళ్ళో పొద్దున వెళ్తే దీపాలు పెట్టే వేళ అయ్యేది. ఇక్కడ ఏడుగురూ గంటలోపే తేల్చేస్తారు. "నేను దప్పిగొనుచున్నాను" అన్న అయిదో మాట చెప్పే సోదరుడు పోయినేడు గ్లాసు పెదవుల దాకా తెచ్చుకున్నాడు. టింగ్! తాగకుండానే దిగిపోయాడు. ఆ మాటకి అంతకన్నా గొప్ప వ్యాఖ్యానం నేనెక్కడా వినలేదు.

తగాదాల మాటకొస్తే, మా ఊళ్ళో రెండు పార్టీలు, పాస్టరు గారింటి బావి మీద ఒక కోర్టు కేసు. ఇక్కడ పార్టీ కట్టాలంటే పది మంది ఒకచోట నిలబడాలి కదా, నిలబడే తీరికేదీ? ఒక శుక్రవారం "ఏమండీ, ఆ రోజు మీరన్న మాట..." అని మొదలుపెడితే టింగ్! మళ్ళీ శుక్రవారానికి ఎవరు ఎవర్ని ఏమన్నారో ఇద్దరికీ గుర్తుండదు. ఇంత శాంతి ఏ సంఘానికుంది? ఈ శుక్రవారం "ఏం కూర వండారొదినా?" అని అడిగితే, వచ్చే శుక్రవారం "దోసకాయ" అని జవాబు వస్తుంది. కూర పాసిపోతుంది గానీ ప్రేమ తాజాగా ఉంటుంది!

ఒక్క చిన్న ఇబ్బంది ఉంది. గుళ్ళోకి చెప్పులు వేసుకుని వెళ్ళం, అది మనవాళ్ళు ఊరి నుంచి తెచ్చుకున్న ఆచారం. గుమ్మం బయట చెప్పుల గుట్ట. బెల్లు మోగగానే అందరూ ఆ గుట్ట మీద పడతారు. జయశీల్ గారంతటివారు ఒకసారి ఒక కాలికి తనది, ఇంకో కాలికి మరెవరిదో వేసుకుని ఊరి చివరున్న సీబ్ దాకా కారు నడిపారు. పోనిద్దురూ, పొరుగువాడి చెప్పులో కాలు పెట్టి చూడటం కూడా ఒక సాధనే!

ఆ గుట్టలో చెప్పులు కలపని మనిషి మా సంఘంలో ఒక్కరే, కమలవ్వ. తన జోడు ప్లాస్టిక్ సంచిలో చుట్టి కుర్చీ కింద పెట్టుకుంటుంది. సంఘాన్ని కూడా నమ్మదు కాబోలని నేను వెనక వరసలో కూర్చుని నవ్వుకునేవాణ్ణి.

కమలవ్వది కోరుట్ల. సీబ్‌లో ఒక విల్లాలో వంటమనిషి. మా సంఘంలో బెల్లు వల్ల అందరికన్నా ఎక్కువ మేలు పొందింది ఆవిడే. ఎలాగంటారా? ఆవిడ సాక్ష్యం ఒకటుంది. దేవుడు తనకేం చేశాడో సంఘం ముందు నిలబడి చెప్పాలి. మూడేళ్ళుగా చెబుతూనే ఉంది, ఒక్కసారీ పూర్తి కాలేదు.

ఆవిడ సాక్ష్యం వాళ్ళమ్మ పెళ్ళితో మొదలవుతుంది. "మా అవ్వ లగ్గం కరువుల అయింది..." అక్కణ్ణించి తన పుట్టుక, తన లగ్గం, మొగుడి చావు, ఏజెంటు, బొంబాయి. "విమానమెక్కిన. కండ్లు మూసుకున్న. దేవా, నీదే బారమన్న. కండ్లు తెరిస్తే..."

టింగ్!

ఎన్నిసార్లు లేచినా అదే చోట. మా పిల్లలు దాన్ని ఆటగా ఆడుకుంటారు. ఒకడు కళ్ళు మూసుకుని "కండ్లు తెరిస్తే" అనగానే అందరూ "టింగ్!" అని అరుస్తారు. కళ్ళు తెరిచాక ఏమైందో దేవుడికీ కమలవ్వకీ తప్ప ఎవరికీ తెలియదు.

జయశీల్ గారు ఒకసారి మర్యాదగానే సలహా ఇచ్చారు. "అవ్వా, మొదటి భాగం మాకందరికీ నోటికొచ్చు గదా. ఈసారి విమానం దిగిన కాడ నుంచి ఎత్తుకోండి."

"నడుమల కెళ్ళి చెప్తే అది సాచ్చమెట్లయితది బిడ్డా? కత అయితది."

ఇంత సిద్ధాంత బలం ఉన్న మనిషికి మూడేళ్ళు ఏం లెక్క? కానీ ఆ గుడ్ ఫ్రైడేకి ఒక చిక్కొచ్చింది. వీసా అయిపోయింది, ఆవిడ వచ్చే బుధవారం ఊరికి వెళ్ళిపోతోంది, మళ్ళీ రాదు. అదే ఆవిడకి ఇక్కడ ఆఖరి శుక్రవారం. జయశీల్ గారు కరిగిపోయి, ఏడు మాటల తర్వాత మూడు నిమిషాలిచ్చారు.

"సరిపోద్దా అవ్వా?"

"నీ బెల్లుకెరుక, నాకేమెరుక?"

ఆవిడ లేచింది. వాళ్ళమ్మ లగ్గం కరువులో అయింది. అందరం ముందుకు వంగి కూర్చున్నాం, లోపల్లోపల ఆవిడని తరుముతున్నాం. మొగుడు పోయాడు. ఏజెంటొచ్చాడు. బొంబాయి వచ్చింది. విమానం వచ్చింది. "దేవా, నీదే బారమన్న. కండ్లు తెరిస్తే..."

తలుపు తెరుచుకుంది. ఫిలిప్పీనో సోదరులు గిటార్లతో నవ్వుతూ నిలబడ్డారు. పాపం, వాళ్ళ వేళ అది. జయశీల్ గారు తల వంచుకుని, మెత్తగానే, టింగ్!

కమలవ్వ వంగి కుర్చీ కిందున్న సంచి తీసుకుంది.

మామూలుగా అయితే అందరం చెప్పుల గుట్ట మీద పడి, కంపెనీ వ్యాన్లెక్కి, మాయమయ్యేవాళ్ళం. నేను కూడా తిన్నగా ఇంటికి వెళ్ళేవాణ్ణి. తొందరగా ఇల్లు చేరడం ఎంత సుఖమో ఒంటరివాణ్ణి నన్నడగండి! మా ఆవిడ రత్నమణి పోయినప్పటి నుంచి నేను తాళం తీయగానే ఫ్రిజ్ ఒక్కటే పలకరిస్తుంది, అదీ ఉండి ఉండి. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఆహా!

కానీ ఆ రోజు మలయాళీలు ఉపవాసం విడవడానికి వండుకున్న గంజి గుండిగలో సగం మిగిలిందని మాకు వదిలి వెళ్ళారు. హాల్లో తినే వేళ మాది కాదు. అందుకని గుండిగని కారు పార్కులోకి మోసుకొచ్చాం. పేపర్ ప్లేట్లలో పోసుకుని గోడ వారన నిలబడ్డాం. ఎంత చెడ్డ అలవాటు చూడండి, నిలబడ్డవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు!

కాపలా ఉండే మజహర్ కూడా ప్లేటు పట్టుకుని వచ్చాడు. మాది నంద్యాల, వాళ్ళది కడప, కాబట్టి నాకు అర చుట్టమే. అతను కమలవ్వనే సూటిగా అడిగాడు.

"ఏమవ్వా, కండ్లు తెరిస్తే ఏమయిందో ఇప్పుడన్నా చెప్పవా? కిటికీ కాడ నిలబడి మూడేండ్ల నుంచి వింటాండా. నిద్ర పట్టడంలే నాకు."

"గుడిల చెప్తనని మొక్కుకున్న నాయనా. గిది బయట కాదా?"

"గేటు లోపలే గదా ఉండాది! గేటు నా చేతిలో ఉంది. నువ్వు సాంతం చెప్పేదాకా మూసేది లే."

కమలవ్వ ఆలోచించింది. చుట్టూ చూసింది. సంఘం మొత్తం అక్కడే ఉంది, గంజి తాగుతూ. ప్లేటు కింద పెట్టి, కొంగు సర్దుకుని నిలబడింది.

"మా అవ్వ లగ్గం కరువుల అయింది..."

ఒక్కరు కూడా విసుక్కోలేదు. తెలిసిన చోట్ల పిల్లలు ఆవిడతో పాటు చెప్పారు. విమానం వచ్చింది. "కండ్లు మూసుకున్న. దేవా, నీదే బారమన్న. కండ్లు తెరిస్తే..."

అని ఆగిపోయింది. అలవాటు! జయశీల్ గారి వైపు చూస్తూ బెల్లు కోసం ఎదురుచూసింది.

జయశీల్ గారు గోడ మీద పెట్టుకున్న బెల్లు తీసి జేబులో పెట్టుకున్నారు. "తర్వాత అవ్వా?" అన్నారు.

"కండ్లు తెరిస్తే సీబ్ ఎయిర్‌పోర్టు. తోల్కపోతనన్నోడు రాలే. బయిటికి పోయి చూద్దమంటే బొంబాయిలనే నా చెప్పు తెగె. ఎండకాలం, నేల పెంకలెక్క కాలుతున్నది. ఒక్కడుగేసుడు, ఎన్కకు ఉరుకుడు. ఎవల్నో తోలియ్య వచ్చిన ఒకమ్మ నన్ను చూసింది. తెలుగుదానివా అని అడిగింది. పక్కన కూసుండి టిపిని ఇప్పింది, పులిహోర. నన్ను తోల్కపోయేటోడు వచ్చేదాంక కదల్లే. పోయేటప్పుడు తన కాళ్ళ చెప్పులిడిసి నా కాళ్ళకు తొడిగింది. కొత్తయి. నువ్వెట్ల పోతవమ్మా అంటే, మా కారు నీడలనే ఉన్నది అన్నది. నీడ యాడున్నది? అమ్మ ఉరుక్కుంట పోయింది."

సంచి విప్పింది. మెరూన్ రంగు చెప్పులు. మడమ దగ్గర చిన్న ఇత్తడి పువ్వు.

నాకు ఒక బకెట్టు గుర్తొచ్చింది. ఒక ఎండాకాలం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి రత్నమణి చన్నీళ్ళ బకెట్టులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. పట్టీ తెగిపోయిందండీ, ఎయిర్‌పోర్టులో పారేశాను అంది. వారం కూడా తొడగని చెప్పులు! విమానాలకి దక్షిణ ఇచ్చొచ్చావా అని నెల రోజులు ఏడిపించాను. నవ్వుతూ పడింది.

"అమ్మ మల్ల గీ గుడిలనే కలిసింది గని, బతికున్నన్ని దినాలు చెప్పనియ్యలే," అంది కమలవ్వ, ఇప్పుడు నా వైపు తిరిగి. "మా సారుకు తెల్వనియ్యకు, తెలిస్తే పేపర్ల రాస్తడు అన్నది. అమ్మ పోయినంక మొక్కుకున్న, సంగం ముంగట చెప్పాల్నని. గిదే నా సాచ్చం. వందనాలు."

"ఆమెన్," అన్నాడు మజహర్ అందరికన్నా ముందు.

చూశారా బెల్లు మహిమ? అది మోగబట్టే కదా ఆ సాక్ష్యం కారు పార్కులో పడింది, నేను నిలబడి వినగలిగాను. హాల్లో అయితే వెనక వరసలో కునికేవాణ్ణేమో! కాబట్టి సంఘ పెద్దలకు నా మనవి: బెల్లు ఉండనివ్వండి. ప్రసంగాలకు తప్పకుండా కొట్టండి, నేనే చందా వేసి ఇంకా పెద్దది కొనిపెడతాను. హాలు ఎన్ని సంఘాలకైనా పంచుకోండి. కారు పార్కుకి మాత్రం టైమ్‌టేబుల్ వేయకండి. వారానికి ఒక్కసారి, ఇంటికి వెళ్ళే తొందర లేని మనుషులు కొందరుంటారు. ఒక గుండిగ గంజి పెడితే చాలు. గంజి లేకపోయినా చాలు.

ఆ రాత్రి బాగా పొద్దుపోయాక కమలవ్వని సీబ్‌లో నేనే దింపాను. ఎయిర్‌పోర్టు దీపాలు దాటుతుంటే ఆవిడ సంచి నా వైపు జరిపింది. "మీకిచ్చి పోవాల్నని తెచ్చిన సారూ. మా ఊరి మట్టిల తొక్క బుద్ది గాదు."

"తొక్కు అవ్వా. చెప్పులు చేసింది అందుకే. వాటిని బుధవారం తొడుక్కుని విమానమెక్కు."

సంచి మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, "పేపర్ల రాస్తరా సారూ?" అని అడిగింది.

"రాయనవ్వా," అన్నాను.

విల్లా పక్క గేటు దగ్గర దిగి, ఆ చెప్పులు తొడుక్కుని, వాకిలి దాటింది. వంటింటి గుమ్మం ముందు వాటిని విడిచి, చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళి, ఇంట్లోవాళ్ళు లేవకుండా తలుపు మెల్లగా మూసుకుంది.