అయిదో సీసాలో ముక్క

శనివారం ఉదయం కెమిస్ట్రీ మాస్టారు వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏడింటికి కాఫీ, ఏడున్నరకి పెట్రోలు పైపు ఎంపిక, తొమ్మిదింటికి మెకానిక్కు వచ్చి దాన్ని బిగించడం, పన్నెండు లోపల కారుకి ఫిట్‌నెస్ పరీక్ష. కాఫీ వరకు అంతా అనుకున్నట్టే జరిగింది.

ఆ కారు మాస్టారి పెళ్లికంటే నాలుగేళ్లు పెద్దది. రెండేళ్ల కిందట దాని ఇంజను చేతులెత్తేస్తే, ఎక్కడో గుద్దుకుని మూలపడ్డ ఓ కొత్త కారులోంచి ఇంజను ఊడదీసి తెచ్చి, మెకానిక్కు దీనికి అమర్చాడు. అప్పటినుంచీ కారు నిక్షేపంగా తిరుగుతోంది. పదిహేను రోజుల కిందట మాస్టారు ఓ వ్యాసం చదవకపోయి ఉంటే ఇంకా తిరుగుతూనే ఉండేది. పాత ఇంజను పెట్రోలుని తీరిగ్గా పీల్చుకుంటుందట. కొత్త ఇంజనుకి పంపు గట్టిగా నెట్టి ఇవ్వాలట. ఆ ఒత్తిడికి పాతకాలం పైపులు పగిలి నిప్పంటుకుంటుందట. చదవగానే మాస్టారు కారుని షెడ్డులోంచి కదలనివ్వడం మానేశారు.

వెంటనే మెకానిక్కుకి ఫోన్ చేశారు. అతను మంచి పనివాడు, కాకపోతే మాట మెల్లగా కూడబలుక్కుంటాడు.

"మాస్టారూ, ఆ పైపు సంగతేంటంటే..."

"నువ్వేం మాట్లాడకు. శనివారం తొమ్మిదింటికి రా. ఏ పైపు వెయ్యాలో నేను తేల్చి ఉంచుతా."

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన భార్య కూడా ఒక విషయం తేల్చేసింది. ఆవిడ బట్టలు కుడుతుంది. మూడు మిషన్లూ పడకగదిలోనే ఉండటంవల్ల ఆ ఇంట్లో మంచం ఎక్కాలంటే అడ్డంగా నడవాలి. అందుకని ఆవిడ కన్ను ఎప్పటినుంచో కారు షెడ్డు మీద ఉంది.

"శనివారం పరీక్షే ఆఖరు. పాసైతే మీ కారు మీ ఇష్టం. కాకపోతే సోమవారం పాతసామాన్లవాడు వచ్చి దాన్ని పట్టుకుపోతాడు, షెడ్డు నాది," అంది.

"ఇంకో నెల గడువు..."

"పోయినేడు కూడా ఇదే అన్నారు."

మాస్టారికి మూడు రోజులు అన్నం సయించలేదు. ఆయన నడపడం నేర్చుకున్నది, పెళ్లయ్యాక భార్యకి నేర్పింది ఆ కారులో. పరీక్షలు తప్పిన పిల్లల్ని ఎక్కించుకుని, ఊరు దాటించి, వాళ్ల ఏడుపు తగ్గేదాకా తిప్పింది ఆ కారులో. అది ఇనుప తుక్కయిపోతుందంటే ఆయనకి నిజంగానే కళ్లు చెమర్చాయి.

అందుకే పైపు విషయంలో ఆయన రాజీ పడలేదు. రాగి బాగుంటుందన్నారు ఒకరు. ఇంజను అదురుకి రాగి బిరుసెక్కి చీలుతుందని కొట్టేశారు. స్టీలు తుప్పు పడుతుంది. స్టీలు అల్లిక తొడిగిన రబ్బరయితే లోపల పగిలినా పైకి కనిపించదు. నైలాను వంగమన్నచోట వంగదు.

"పెళ్లిచూపుల్లో కూడా మీరు ఇన్ని వంకలు పెట్టలేదు," అంది భార్య. సూదిలో దారం ఎక్కించి, "పెట్టి ఉంటే బాగుండేది," అని కూడా అంది.

చివరికి మామూలు రబ్బరు పైపు మిగిలింది. నాలుగు షాపులు తిరిగి, షాపుకో జానెడు ముక్క కొన్నారు. నాలుగు షాపులవాళ్లూ తమదే ఉత్తమమని ఒట్టేశారు. మాస్టారు ఒట్లు నమ్మే మనిషి కాదు. కిందటి శనివారం భార్య బజారుకి వెళ్లిన సమయం చూసి, ఆవిడ గుండీలు దాచుకునే గాజుసీసాలు అయిదు తీసుకున్నారు. రంగురంగుల గుండీలన్నీ ఒకే బేసిన్లోకి దిమ్మరించారు. సీసాల్లో పెట్రోలు పోసి, ముక్కలు వేసి, ఒక్కోదానికి పేరు రాసిన చీటీ కూడా వానకి తడవకుండా లోపలే వేసి, మూతలు బిగించి, షెడ్డు చాటున పెరటి గోడ మీద వరసగా పెట్టారు. వారం రోజులు నానాలి. ఏ ముక్క ఉబ్బకుండా, మెత్తబడకుండా ఉంటే అదే నెగ్గినట్టు.

శనివారం ఏడున్నరకి ఆయన మూతలు తీసి చూశారు. ఒకటి ఉబ్బింది. ఇంకోటి బంకలా తయారైంది. మూడోది పెట్రోలుని డికాషన్ రంగుకి తెచ్చింది. నాలుగోది చేత్తో పట్టుకోగానే చిట్లింది. అయిదోది మాత్రం వేసింది వేసినట్టు చెక్కుచెదరకుండా ఉంది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఆనందంగా చీటీ బయటికి తీశారు.

చీటీ తెల్లగా ఉంది. అయిదు చీటీలూ తెల్లగానే ఉన్నాయి. పెట్రోలులో ఏమేమి కరుగుతాయో ముప్ఫయ్యేళ్లుగా బోర్డు మీద రాసిన మనిషి, ఆ చీటీలు రాసిన మార్కరు సిరా సంగతి మరిచిపోయాడు.

నోటుబుక్కు తీస్తే నాలుగు షాపుల పేర్లే ఉన్నాయి. అయిదో షాపు ఏదో ఎంత తల గోక్కున్నా గుర్తుకు రాలేదు. చేసేదిలేక నెగ్గిన ముక్కని రుమాల్లో చుట్టుకుని స్కూటరెక్కారు. సీసాలకి మూతలు పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు.

తొమ్మిదింటికి మెకానిక్కు వచ్చి కారు కింద దూరాడు. రెండు నిమిషాల్లో తల బయటపెట్టాడు.

"అమ్మగారూ, పెట్రోలు పైపు ఎవరో కోసేశారండీ. జానెడు ముక్క లేదు."

"కోసెయ్యడమేంటయ్యా? ఎలక కొరికిందేమో చూడు."

"ఎలక ఇంత నున్నగా కొరకదండీ."

పైవాటా పిన్నిగారు బాల్కనీలోంచి సగం కిందికి వంగింది. "పెట్రోలు కంపు కొడుతోందని పొద్దున్నించీ మొత్తుకుంటున్నా! పెట్రోలు దొంగ పడ్డాడమ్మా! వాసన ఇంకా వస్తోందంటే వాడు ఇక్కడే ఎక్కడో ఉన్నట్టే!"

పిన్నిగారు చెప్పి ఊరుకునే రకం కాదు. పది నిమిషాల్లో ఫైరింజను వచ్చి గేటుకి అడ్డంగా నిలబడింది. వీధి వీధంతా బయటికొచ్చింది. ఫైరాఫీసరు పెరటి గోడ మీద మూతల్లేని అయిదు సీసాలు చూసి బిత్తరపోయాడు.

"ఇది దొంగ పని కాదు. ఇల్లు తగలబెట్టడానికి ఎవరో ఏర్పాట్లు చేసుకున్నారు. ఈ సీసాలెవరివి?"

"నావే," అంది మాస్టారి భార్య. "గుండీల సీసాలు. వారం నుంచి వెతుకుతున్నా."

"పైపుని పదునైన కత్తెరతో కోశారు. ఇంట్లో అలాంటి కత్తెర ఎవరి దగ్గరుంది?"

ఆవిడ మెడలో టేపు, చేతిలో జానెడు పొడుగు కత్తెర ఉన్నాయి. వీధంతా ఆవిడకేసి చూసింది. పిన్నిగారు గొంతు తగ్గించాననుకుని అంది: "షెడ్డు కావాలి, షెడ్డు కావాలని మొన్న నాతో కూడా అన్నావు కదమ్మా!"

మాస్టారు తిరిగొచ్చింది అప్పుడే. నాలుగు షాపులవాళ్లూ ఆ ముక్క తమది కాదన్నారు. పదిన్నరైంది. గేటుకి అడ్డంగా ఫైరింజను. ఏమైందంటే నలుగురు నాలుగు గొంతులతో చెప్పారు. అందులో పైపు కోసేశారన్న మాట ఒక్కటే ఆయన చెవికెక్కింది. భార్య చేతిలో కత్తెర కనిపించింది.

"ఎంత పని చేశావే! అది నీకేం ద్రోహం చేసింది?"

ఆవిడ మొహం ఎర్రబడింది. "నేనా? ఇన్నేళ్లు కాపురం చేసి నన్ను తెలుసుకున్నది ఇదేనా? షెడ్డు కావాలంటే మీ మొహం మీదే అడిగానుగా! దొంగతనంగా కారు కింద దూరి పైపు కోసే ఖర్మ నాకేం పట్టింది?" అంది. వీధంతా మాస్టారికేసి తిరిగింది.

మెకానిక్కు మాత్రం మాస్టారి చేతిలోని రుమాలుకేసి చూస్తున్నాడు. "అదోసారి ఇలా ఇవ్వండి మాస్టారూ," అని ముక్క తీసుకుని మళ్లీ కారు కింద దూరాడు. బయటికొచ్చి దుమ్ము దులుపుకున్నాడు. "సరిగ్గా అతికిందండీ. ఇది మన కారుదే."

మాస్టారు నోరెళ్లబెట్టారు. ఏ ప్రయోగానికైనా పోల్చి చూసుకోడానికి పాత నమూనా ఒకటి పక్కన ఉంచాలని ఆయన పిల్లలకి ఏటా మొదటి రోజే చెబుతారు. ముప్ఫయ్యేళ్ల అలవాటు. కిందటి శనివారం నాలుగు సీసాలు నింపాక, మనసుతో పనిలేకుండా ఆయన చేతులు వాటంతటవే కారు కిందికి వెళ్లి అయిదో ముక్క కోసుకొచ్చాయి.

"నా కత్తెరతోనేనా?" అంది భార్య. "అందుకేనా వారం నుంచి అది గుడ్డని కొయ్యకుండా నములుతోంది?"

మాస్టారు తల దించుకున్నారు. "క్షమించవే. నోటికొచ్చినట్టు అనేశాను," అన్నారు వీధిలో అందరి ముందూ.

"నన్ను చెప్పనిస్తే ఇంత గొడవ ఉండేది కాదండీ," అన్నాడు మెకానిక్కు. ఈసారి ఎవరూ అడ్డుపడలేదు. "ఇంజను మార్చిన రోజే ఒత్తిడికి ఆగే పైపు వేశాను. ఇంకో పదేళ్లు దాని జోలికి పోనక్కర్లేదు. ఆ వేళ ఫోన్లో చెప్పబోయింది ఇదే. ఎందుకైనా మంచిదని ఆ చుట్టలో మిగిలిన పైపు తెచ్చాను. ఇరవై నిమిషాల పని."

పదకొండుంబావుకి కొత్త పైపు బిగిసింది. ఇంజను మోగింది, చుక్క కారలేదు. మాస్టారు తాళాల కోసం చెయ్యి చాచేసరికి ఫైరాఫీసరు ఆ చేతిలో కాగితం పెట్టాడు.

"మీరు ఎక్కడికీ వెళ్లడానికి లేదు. మూతల్లేకుండా పెట్రోలు పెట్టింది మీరేగా? కూర్చుని వివరంగా రాసివ్వండి. పెట్రోలు కంపు కొట్టే ఆ చొక్కాతో ఇంజను దగ్గరికి అసలే వెళ్లకండి."

మాస్టారు గడియారం చూసుకున్నారు. పన్నెండుకి పరీక్ష, ఇంటి మనిషి ఒకరు బండితో వెళ్లాలి. ఆవిడ ఊరికే నిలబడితే చాలు, షెడ్డు ఆవిడది అవుతుంది. వెళ్లమని ఆవిణ్ని అడిగే మొహం ఆయనకెక్కడుంది?

ఆవిడ కత్తెర గూట్లో పెట్టి, తాళాలు లాక్కుని, డ్రైవరు సీట్లో కూర్చుంది. "ఎక్కవయ్యా," అంది మెకానిక్కుతో. ఫైరింజను వెనక్కి తప్పుకుంది. కారు సందు మలుపు తిరిగేదాకా మాస్టారు గేటు పట్టుకుని చూశారు, ఆ తర్వాత రాయడానికి కూర్చున్నారు. ప్రయోగం ఉద్దేశం, కావలసిన పరికరాలు, చేసిన విధానం అంటూ మూడు పేజీలు రాశారు.

కారు రెండింటికి తిరిగొచ్చింది. ముందద్దం మీద కొత్త స్టిక్కరు మెరుస్తోంది.

"పాసైందా?" అని పరుగెత్తారు మాస్టారు. "నువ్వు... నా కోసం ఇంత..."

"మీ కోసమేం కాదు. ఇది పోతే రేపట్నించి నా మిషన్ల మీద పడతారని భయమేసింది," అంటూ ఆవిడ దిగి, కారు బానెట్టు మీద చెయ్యి వేసింది. "కానీ ఏమాటకామాటే. బండి భలే నడుస్తోందండీ! కుట్టిన బట్టలు ఇళ్లకి చేర్చడానికి నాకు సరిగ్గా సరిపోతుంది. షెడ్డులోనే ఉండనివ్వండి."

"మరి మిషన్లు?"

"మీ పుస్తకాల గది ఉందిగా." తాళాలు ఆవిడ కొంగుకి ముడేసుకుంది. "మీరు దీన్ని ముట్టుకోవద్దు. ముట్టుకుంటే మళ్లీ ఏదో ఒకటి కోసి నానబెడతారు."

మాస్టారు సోమవారం నుంచి బడికి బస్సులో వెళ్తున్నారు. బస్సుకి ఏ రకం పైపు వేశారని ఆయన డ్రైవరుని ఒక్కసారే అడిగారు. అప్పటినుంచి ఆ బస్సు ఆ స్టాపులో ఆగడం లేదు.