సున్నుండకు దిష్టిచుక్క లేదు

నరహరి పెళ్లిరోజు వెళ్లిన తొమ్మిదో రోజున, మున్సిపాలిటీ జంతు నమోదు విభాగం వారు అతని ఇంటి కుక్క సున్నుండనూ, సున్నుండకు వేయించిన రంగుల బొమ్మనూ పక్కపక్కన పెట్టి పరీక్షించి, బొమ్మే అసలు కుక్క అనీ, కుక్క దాని నకలు అనీ ఉత్తర్వు ఇచ్చారు. ఇందులో కొత్తేమీ లేదు. ఆ ఊళ్లో బొమ్మ వేయించిన ప్రతి పెంపుడు జంతువుకూ ఈ పరీక్ష ఉంటుంది. బొమ్మతో సరిపోయిన జంతువును ఇంట్లో ఉండనిస్తారు, సరిపోనిదాన్ని శుక్రవారం బండిలో తీసుకుపోతారు. పోయిన నెల ఒక రామచిలుక తన బొమ్మ కంటే పచ్చగా ఉండి పట్టుబడింది. ఇంటివాళ్లు రెండు రోజులు బాధపడి, ఆ తర్వాత బొమ్మకే జామకాయ పెట్టడం అలవాటు చేసుకున్నారు.

నరహరి రైసుమిల్లులో కాటా గుమస్తాగా చేసినవాడు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి మూతి కాస్త ఎడమకు పోయింది, ఎడమకాలు ఈడుపు పడింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. మనుషులెవరితో బయల్దేరినా, వాళ్లు నాలుగడుగులు ముందుకు పోయి వెనక్కి తిరిగి జాలిగా చూసేవాళ్లు. ఆ చూపు అతనికి కాలి నొప్పి కంటే ఎక్కువ బాధగా ఉండేది. సున్నుండ ఏనాడూ అలా చూడలేదు. అతను ఆగితే ఆగేది, కదిలితే కదిలేది, కూర్చుంటే వచ్చి చెంపను అతని మోకాలికి రాసేది. నరహరి మళ్లీ కాలవ వంతెన దాకా నడవగలిగాడంటే అది ఆ కుక్క చలవే. అందుకే ముప్ఫయ్యో పెళ్లిరోజుకు అతని భార్య అలివేలు, ఎప్పుడూ కొనే చొక్కా గుడ్డ మానేసి, సున్నుండ బొమ్మ వేయించి ఇద్దామనుకుంది.

ఆర్టిస్టు గవర్రాజు ఒకప్పుడు సినిమాహాళ్లకు బ్యానర్లు రాసేవాడు. హాళ్లు మూతపడ్డాక కుక్కలకూ పిల్లులకూ దిగాడు. అలివేలు ఫోన్లోంచి చూపించిన మూడు ఫోటోలను అటూ ఇటూ తిప్పి చూశాడు. సున్నుండ కుడిచెవి కోతి కరిచి చిరిగిపోయి ఉంది.

"గిఫ్టులో చిరిగిన చెవేటమ్మా, బాగోదు. ఎలాగూ వేస్తన్నాం కదా, కుట్టేద్దాం," అన్నాడు.

అలివేలు సరేనంది. ఇచ్చేది కానుక కదా అనుకుంది. బొమ్మ పూర్తయ్యాక ఆమె దగ్గరికెళ్లి, దూరం జరిగి, మళ్లీ మళ్లీ చూసుకుంది. అంత బాగా కుదిరింది. గవర్రాజుకు బ్యానర్ల కాలం నుంచీ ఒక అలవాటు ఉంది. ముఖం మరీ బాగా కుదిరితే చెంప మీద నల్లగా ఓ దిష్టిచుక్క పెట్టందే బయటికి ఇవ్వడు. సున్నుండ కుడిచెంప మీద కూడా పెట్టాడు. ఆ ఒక్క చుక్కకే అలివేలు కళ్లు చెమర్చాయి. సొంత బిడ్డకు పెట్టినట్టు పెట్టాడనుకుని, పళ్లెంలో నాలుగు అరటిపళ్లు కూడా పెట్టి ఇచ్చింది. మున్సిపాలిటీ నియమం ప్రకారం గవర్రాజు బొమ్మ ఫోటో ఒకటి ఆఫీసుకు పంపాడు. ఇకమీదట సున్నుండ రికార్డు అంటే అదే.

పరీక్షకు వచ్చిన సూపర్‌వైజరు మల్లిబాబు మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, మంచినీళ్లు తాగి, ఫారం తీశాడు. రంగు, కళ్లు, కుడిచెవి, ఎడమచెవి, చెంప, ఇలా పదకొండు గళ్లున్నాయి. బొమ్మకు పదకొండూ సరిపోయాయి. రికార్డుతో రికార్డు సరిపోకపోతే ఇంకేం సరిపోతుంది? కుక్కకు తొమ్మిదే సరిపోయాయి.

"చెవి సంగతి వయసు మీద పోయిందని రాసుకోవచ్చండి. చుక్క మాత్రం ఉండాలి మాస్టారూ," అన్నాడు మల్లిబాబు.

"చుక్కతో పుడతాయేటండీ కుక్కలు?" అన్నాడు నరహరి.

"ఇది పుట్టింది కదండీ," అని మల్లిబాబు గోడ మీది బొమ్మ చూపించాడు.

నరహరి మిల్లులో పాతికేళ్లు కాటా చూసిన మనిషి. బస్తా బరువు చీటీతో కలవకపోతే చీటీ దిద్దేవాడు గానీ బస్తాను పారేయలేదు. ఆ మాటే అన్నాడు. మల్లిబాబు సానుభూతిగా తలూపి, అప్పీలుకు గురువారం దాకా గడువుందని రాసిచ్చాడు.

గురువారం పొద్దున అలివేలు కాటుక భరిణె తీసి సున్నుండ కుడిచెంప మీద గుండ్రంగా చుక్క పెట్టింది. ముగ్గురూ, చంకలో బొమ్మతో కలిపి నలుగురూ, ఆఫీసుకు వెళ్లారు. పై అంతస్తులో కొత్తగా ఏదో విభాగం పెడుతున్నారట, సున్నం వేస్తున్నారు. మెట్ల మీదంతా తెల్లటి అడుగులు.

మల్లిబాబు చుక్కను దగ్గరగా చూసి, "ఇప్పుడు పది సరిపోయాయండి, చాలు," అంటూ కలం తీశాడు. అలివేలు ప్రాణం లేచి వచ్చింది. నరహరి అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. అతను కూర్చుంటే సున్నుండ ఏం చేస్తుందో అదే చేసింది. వచ్చి, చెంపను అతని మోకాలికి రాసింది. తెల్లటి పంచె మీద నల్లటి మరక పడింది, చెంప మీద చుక్క పోయింది.

మల్లిబాబు పంచెను చూశాడు, కుక్కను చూశాడు, "నకలు దిద్దుబాటుకు పాల్పడినది" అని ఫారంలో రాశాడు. తర్వాత, నియమం కాబట్టి, గోడకు ఆనించిన బొమ్మ వైపు తిరిగి పిలిచాడు.

"సున్నుండా!"

బొమ్మ తోక ఆడించింది.

అలివేలు కెవ్వుమంది. పక్క బల్ల గుమస్తా తలెత్తి కూడా చూడలేదు, అక్కడ అది రోజూ జరిగేదే. నిజం కుక్క కూడా తోక ఆడించింది గానీ, ఆ పిలుపు దానికి కాదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

"దీన్నేం చేస్తారండీ?" అంది అలివేలు, సున్నుండను దగ్గరికి లాక్కుని.

"నకళ్ల గదిలో మూడు నెలలు ఉంచుతామండి. ఎవరూ అడక్కపోతే పాతకాగితాలతో పాటే."

"మేం అడుగుతున్నాం కదా!"

"మీ దగ్గర అసలు ఉంది కదమ్మా," అన్నాడు మల్లిబాబు. మాటలో వెటకారం లేదు. నిజంగానే అర్థం కాక అన్నాడు.

మర్నాడు బండి వచ్చింది. సున్నుండ బండెక్కి వెనక్కి తిరిగి, నరహరి ఎక్కుతాడేమోనని ఆగింది. అతను ఆగితే ఆగడం దానికి అలవాటు. తలుపు వేశారు.

ఆ మరుసటి రోజు పశువైద్యశాల నుంచి మనిషి వచ్చి బొమ్మ అంచుకు టీకా వేసి చీటీ ఇచ్చాడు. నరహరి బొమ్మను చంకన పెట్టుకుని వాకింగుకు బయల్దేరాడు. వీధి మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. ఆ పంచెను ఉతకనివ్వలేదు.

నెల తిరిగాక అలివేలు తమ్ముడు వీర్రాజు చూడడానికి వచ్చి, గోడ మీది బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. "అక్కా, గిఫ్టంటే ఇదీ!" అన్నాడు. ఎంత మురిసిపోయాడంటే, బావగారి షష్టిపూర్తికి బావగారి బొమ్మే వేయించి ఇవ్వాలని వెళ్తూ వెళ్తూ గవర్రాజుకు చెప్పిపోయాడు. ఎవరికీ తెలియకూడదన్నాడు. వారం తిరక్కుండా నరహరి పేర నోటీసు వచ్చింది. పరీక్ష ఇరవై ఒకటో తేదీ, పై అంతస్తులో, మనుషుల విభాగం.

అలివేలు పరుగున గవర్రాజు దగ్గరికి వెళ్లింది.

"గవర్రాజుగారూ, ఆయన మూతి ఎడమకు ఉంటుంది. అలాగే వెయ్యండి. మీకు పుణ్యముంటుంది."

గవర్రాజు చెవులు మూసుకున్నాడు. "అమ్మా! షష్టిపూర్తి బొమ్మలో మూతి వంకర పెట్టమంటారా? నా చెయ్యి పడిపోదూ? అయినా దిద్దేశానమ్మా. ఫోటో కూడా ఆఫీసుకి ఎల్లిపోయింది. చూడండి ఎలా కుదిరిందో!"

గుడ్డ తీశాడు. బొమ్మలో పక్షవాతానికి ముందటి నరహరి తిన్నగా నవ్వుతున్నాడు. అలివేలు రెండేళ్లుగా ఆ నవ్వు చూడలేదు. ఒక్క క్షణం, అలా చూస్తూ ఉండిపోదామనిపించింది. ఆ ఒక్క క్షణానికి తన మీద తనకే అసహ్యం వేసింది. కుడిచెంప మీద నల్లగా చుక్క ఉంది.

ఆమె ఇంటికి వచ్చేసరికి నరహరి అద్దం ముందు ఉన్నాడు. రెండు వేళ్లతో మూతిని ఎడమ నుంచి కుడికి లాగి పట్టుకుని, లోపల అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు. పక్కనే కాటుక భరిణె మూత తీసి ఉంది.

"ఎంతసేపు నిలబడుతోంది?" అని అడిగింది.

"పదిహేను లెక్కపెట్టేదాకా. ఇరవై ఒకటికి ఇంకా టైముంది," అన్నాడు. "చుక్క ఏ చెంపకే?"

"కుడి."

ముఖం ఆమె వైపు తిప్పాడు. అలివేలు కాటుక అద్దుకుని, గుండ్రంగా చుక్క పెట్టి, వెనక్కి జరిగి చూసింది. నరహరి అలవాటుగా తలను ఆమె భుజానికి ఆనించబోయాడు. ఆమె చప్పున రెండడుగులు వెనక్కి వేసింది.

"చెంప దేనికీ ఆనించకండి," అంది.