చీ, దు, తు

ఆ రోజు పొద్దున్న ఆ అమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. మొదటి గంట చరిత్ర క్లాసుకి వెళ్లాలి, ‘మా ఇంట్లో దొరికిన పాత కాగితం’ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, మార్కులు పుచ్చుకుని క్యాంటీన్‌లో పడాలి. లెక్కల డిగ్రీకి చరిత్ర కూడా తప్పనిసరి పేపరు. రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే డిగ్రీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

తీరా చెప్పులు వేసుకునేటప్పుడు గుర్తొచ్చింది, కాగితమే లేదని. స్నానాల గదిలో ఉన్న అమ్మమ్మకి తెలియకుండా ఆవిడ ట్రంకుపెట్టె తెరిచి, అడుగున దొరికిన కాగితం లాక్కుని పరుగెత్తింది. బస్సులో విప్పి చూసింది. పైన తేదీలు, పక్కన నిలువుగా చీ, దు, తు, ప అని అక్షరాలు, గళ్ల నిండా టిక్కులూ ఇంటూలూ. చీర, దుప్పటి, తువ్వాలు, పరదా! ఉతకడానికి వేసిన బట్టల చిట్టా.

క్లాసులో ఆమెకి ముందు మాట్లాడినవాడు ముత్తాత యుద్ధం నుంచి రాసిన ఉత్తరం చదివి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ తర్వాత దుప్పట్ల సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

“ఇది... ఒక రహస్య సంఘం కాగితం సార్.”

“చీ అంటే?” అన్నారు చరిత్ర మేష్టారు.

“చీకట్లో కలిసేవాళ్లు సార్. దు అంటే దుమారం రేపేవాళ్లు.”

“తు?”

“తుపాకి,” అనేసింది కంగారులో.

మేష్టారి కళ్లద్దాలు ముక్కు కొసకి జారాయి. కాగితం పుచ్చుకుని శాఖాధిపతి గదికి పరుగెత్తారు. ఆ గదిలో రహస్య సంఘం తిరుగుబాటు దళమైంది. ప్రిన్సిపాల్ గది చేరేసరికి, తుపాకులు కాలేజీలోనే దాచారన్నదాకా వచ్చింది. వాచ్‌మన్ బీరువాలన్నీ తెరిపించి మూడు టిఫిన్ డబ్బాలు, ఒక విరిగిన గొడుగు స్వాధీనం చేసుకున్నాడు. పదకొండింటికల్లా సభామందిరం నిండిపోయింది. ముందు వరసలో విలేకరి. “మీ అమ్మమ్మగారికి కారు పంపించాం,” అన్నారు ప్రిన్సిపాల్ ఆప్యాయంగా.

ఇక దాచి లాభం లేదు. ఆ అమ్మాయి మైకు అందుకుంది.

“తుపాకుల్లేవండీ. సంఘమూ లేదు. అది మా అమ్మమ్మ బట్టల చిట్టా. నేను అబద్ధం చెప్పాను.”

మేష్టారు గాలి తీసిన టైరులా కుర్చీలో కూలబడ్డారు. అంతలో గుమ్మంలోంచి ఒక గొంతు ఖంగుమంది.

“ఎవరే దాన్ని బట్టల చిట్టా అన్నది?”

అమ్మమ్మ! గబగబా నడిచొచ్చి మైకు లాక్కుంది.

“చీ అంటే చీమ. దు అంటే దుడుకు. తు అంటే తుమ్ముల పిల్ల. ప అంటే పరుగు, అది నేనే. అప్పట్లో ఈ కాలేజీలోకి ఆడపిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు. చరిత్ర క్లాసు కిటికీ బయట నిలబడి ఏడాది పొడుగునా విన్నాం. లోపల మమ్మల్ని పిలిచేవాళ్లు లేరు కాబట్టి మా హాజరు మేమే వేసుకున్నాం. అసలు పేర్లు రాస్తే దొరికిపోతామని ఇలా రాశాం.”

“ఎవరైనా తరిమితే?” అడిగాడు విలేకరి.

“నాకా పేరు ఊరికే వచ్చిందా బాబూ?”

“మరి లోపలికి ఎలా వచ్చారండీ?” అన్నారు ప్రిన్సిపాల్.

“దుడుకు ఊరుకుంటుందా! ఈ కాగితం తీసుకెళ్లి మీ కుర్చీలో అప్పుడున్నాయన ముందు పెట్టింది. మగపిల్లల హాజరుతో పోల్చి చూడండి అంది. మాదే ఎక్కువ. మర్నాడు తలుపు తీశారు.”

అందరి కళ్లూ వేదిక వెనక పాలరాతి పలక మీదకి వెళ్లాయి. ‘యాజమాన్యం పెద్ద మనసుతో స్త్రీలకు ప్రవేశం కల్పించినది’ అని ఉంది దాని మీద. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని, “రేపే మార్పిస్తాను,” అన్నారు. హాలు హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

మనవరాలు కళ్లు తుడుచుకుంది. “ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం అమ్మమ్మా?”

“చరిత్రంటే నిద్రొస్తుందన్నావుగా మరి!”

ఆ సాయంత్రం మేష్టారు ఆ అమ్మాయికి నూటికి తొంభై వేసి, పక్కన ఇలా రాశారు: ‘సజీవ సాక్ష్యం సమర్పించినది, పరిశీలించి వాపసు ఇవ్వడమైనది.’