లింగం గెలిచిన శివాని ఆట

రోజూ పొద్దున చేపల బండి తీసే ముందు కూతురితో కాసేపు ఆట ఆడించాలని లింగం అనుకున్నాడు. అంతవరకు బాగానే ఉంది. ఆరేళ్ల శివానికి ఆటిజం. మాటలు తక్కువ, తన వంతు వచ్చేదాకా ఆగడం అసలే రాదు. అందుకని ఇబ్రహీంపట్నంలో పిల్లలకు థెరపీ చేసే పూజిత, లింగం ఇంట్లోని ట్యాబ్‌లో ఒక ఆట వేసి ఇచ్చింది. తెర మీద ఇటుకలు పేర్చి ఇల్లు కట్టాలి. ఒక ఇటుక పాప పెట్టాలి, తర్వాతిది పెద్దవాళ్లు. "పాప వంతుల మీరు వేలు పెట్టొద్దన్నా. ఎంతసేపైనా సరే ఆగాలె," అని మరీ మరీ చెప్పింది.

ఆగడం లింగం ఒంట్లోనే లేదు. గిరాకీ బేరం మొదలుపెట్టేలోపే చేపకు పొలుసు తీసేసే మనిషి. శివాని కదలకుండా తెర వైపు చూస్తూ కూర్చుంటే అతని వేలు ఊరుకునేది కాదు. ఆమె ఇటుక కూడా తనే పెట్టేశాడు. చప్పట్లు మోగాయి, చుక్కలు రాలాయి. ఇంకేముంది, వారం తిరక్కుండానే ఆటలో ఉన్న మెట్లన్నీ ఎక్కేశాడు.

మెట్లన్నీ దాటినట్టు తన ఫోన్‌లో చూసి పూజిత ఫోన్ చేసింది. "లింగమన్నా, గివన్నీ శివానినే దాటిందా?"

"అవ్ మేడం," అన్నాడు లింగం. ఆ క్షణమే నాలుక తెగిపడితే బాగుండుననిపించింది. అది పడలేదు.

"మస్తు మంచిగయింది! అయితే ఇగ వంతుల ఆట బంద్ చేద్దాం. శనివారం తోల్కొని రాండ్రి. మన్నెగూడ దిక్కు తల్లిదండ్రులు గూడ వస్తున్నరు, ఆడి చూపిస్తది."

ఫోన్ పెట్టేసరికి, పక్కనే విన్న భార్య రమ సంతోషంతో కళ్లు తుడుచుకుంటోంది. నిజం చెప్పడానికి అదే సమయం. లింగం గొంతు సవరించుకునేలోపే ఆమె వాడకట్టంతా చెప్పి వచ్చింది. అతని తల్లి సిద్దమ్మ అబ్దుల్లాపూర్‌మెట్‌లోని కూతురికి చెప్పింది, ఆ కూతురు తన అత్తగారింట్లో చాటింది. శనివారం పూజిత గది ముందు ఆటోలు ఆగాయి. దిగినవాళ్లంతా లింగం చుట్టాలే.

లింగం తన బిడ్డకు రానిది వచ్చిందని చెప్పాడు. ఇప్పుడు అందరి ముందు బిడ్డ చెవులు మూసుకుని ఏడిస్తే తప్పు ఆమెదవుతుంది, ఏడవకపోతే, నిజంగానే నేర్చుకుందని వంతుల ఆట ఆపేసి, కావలసిన సాయం కాస్తా పోతుంది. నోరు విప్పాలి. విప్పలేదు. పక్కనే కూర్చుని దొంగచాటుగా తనే నొక్కుదామనుకున్నాడు.

ఆట మొదలైంది. శివాని ఎప్పటిలాగే తెర వైపు చూస్తూ కూర్చుంది. లింగం వేలు మెల్లగా జరిగింది.

శివాని ఆ వేలు పట్టుకుంది. తీసుకెళ్లి అతని ఒళ్లో పెట్టింది.

"ఆగు, బాపు."

తర్వాత నింపాదిగా తన ఇటుక పెట్టి, ట్యాబ్ తండ్రి వైపు తోసి, అతని వంతు కోసం చేతులు కట్టుకుని కూర్చుంది. రమ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

లింగం తల ఎత్తలేకపోయాడు. "మేడం, గా మెట్లన్నీ నేనే ఎక్కిన. తప్పైంది."

"మరి శివాని?"

"ఒక్కపారి గూడ ఆడనియ్యలే. పక్కన కూసొని సూస్తుండె, పాపం."

పూజిత ట్యాబ్ అందుకుంది. "అంటే ఇన్ని దినాలు ఆగుడు నేర్చుకున్నది బిడ్డ ఒక్కతే అన్నట్టు," అంది.

సోమవారం శివానికి కొత్త ఆట పెట్టారు. వంతుల ఆటలో మొదటి మెట్టు మీద లింగం పేరు ఎక్కించారు.