పేరు చెప్పని ముర్రాట

ఆ రోజుకి లక్ష్ముడు వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారి లేవాలి, రేవుకెళ్ళి మంచి కోనేం చేప ఒకటి ఏరి తేవాలి, స్నానం చేసి తెల్ల చొక్కా తొడుక్కోవాలి. పదకొండు గంటలకి భోగాపురం వైపు నుంచి ధనరాజు కుటుంబం కారులో వస్తుంది. తాంబూలాలు పుచ్చుకుంటారు. చేపల పులుసుతో భోజనం చేసి వెళ్ళిపోతారు. ఇందులో తేడా రావడానికి ఏమీ లేదు.

కానీ లక్ష్ముడికి ఏ పనిలోనైనా తేడా ముందే కనిపిస్తుంది. గాలివాన లేదని రేడియో చెప్పినా నమ్మడు, వెళ్ళి సముద్రాన్ని చూసొస్తాడు. సముద్రం ప్రశాంతంగా ఉంటే, ఇంత ప్రశాంతంగా ఎందుకుందని ఇంకాసేపు నిలబడతాడు. ఈ సంబంధం విషయంలో అయితే ఆర్నెల్లుగా అతనికి కంటి మీద కునుకు లేదు. కూతురు అరుణశ్రీ, ధనరాజు కొడుకు నవీన్ ఒక పెళ్ళిలో చూసుకుని ఇష్టపడ్డారు. ధనరాజు పెద్ద చేపల వ్యాపారి, ఓ పట్టాన ఒప్పుకునే మనిషి కాదు. చివరికి ఒక్క షరతు మీద దిగొచ్చాడు.

"నాకు మరేటీ అక్కర్నేదు బావా. దాపరికం నేని ఇల్లయితే సాలు. ఒక్క అబద్ధం బైటపడ్డాదా, అక్కడితో సరి," అన్నాడు.

అలాంటిది, సరిగ్గా తాంబూలాల రోజున, చేప కోసం బయలుదేరిన లక్ష్ముడికి వీధి మొదట్లో పెళ్ళాం తాతమ్మ ఎదురైంది. తడిసిన చీర. చంకలో ఖాళీ బిందె. బిందె అంచుకి రెండు వేపాకులు అంటుకుని ఉన్నాయి.

"ఏటే, ఎక్కడికెల్లినావు?"

"గుడికి."

"గుడికైతే బిందెందుకు?"

తాతమ్మ తల దించుకుంది. "ముర్రాట పోసినాను."

బిందెలో పసుపునీళ్ళు, వేపరెమ్మలు వేసి అమ్మవారి మీద పోసి చల్లబరచడమే ముర్రాట. పండగ రోజైతే ఊరంతా పోస్తారు, ఎవరూ ఎవరినీ అడగరు. పండగ లేని రోజున ఒక ఇల్లాలు ఒంటరిగా, చాటుగా పోసొచ్చిందంటే మాత్రం దానికి ఒకటే అర్థం. ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసింది. అప్పుడు తొమ్మిది రోజులు ఆ గడప ఎవరూ తొక్కకూడదు.

"ఎవలికోసం పోసినావు?"

"ఒక మనిషి కోసం."

"ఆ మనిషికి పేరు నేదా?"

"ఉన్నాది. సెప్పను. నన్నడక్కు," అని తాతమ్మ గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

పాతికేళ్ళ కాపురంలో తాతమ్మ అతని దగ్గర ఏమీ దాచలేదు. దాచాలనుకున్నా ఆమె గొంతు దాచనివ్వదు, రేవులో చేపల వేలంపాట జరిగేటప్పుడు ఆమె గొంతు అవతలి ఊరికి వినిపిస్తుంది. అలాంటి మనిషి గుసగుసలాడిందంటే సంగతి చిన్నది కాదనుకున్నాడు. చేప మాట మర్చిపోయి ఇంటికి తిరిగొచ్చాడు. కూతురి గది తలుపు వేసి ఉంది.

"అమ్మా అరుణా!"

"నాన్నా, లోనికి రావద్దు!" గొంతు వింతగా ఉంది, పెదాలు కదపకుండా మాట్లాడుతున్నట్టు. "తగ్గేదాకా ఎవలికీ కనపడకూడదు."

లక్ష్ముడు చుట్టూ తిరిగి వెనక కిటికీలోంచి తొంగి చూశాడు. అరుణశ్రీ మంచం మీద కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకుని ఉంది. మొహం నిండా పచ్చటి వేపాకు ముద్ద. గడ్డం మీద లేచిన ఒక్క మొటిమని పదకొండు గంటలలోపు తగ్గించడానికి ఫోన్లో చూసి చేసుకున్న వైద్యం అది. ఆ సంగతి లక్ష్ముడికి తెలియదు. ఆ మొహం చూసి, అమ్మవారు పోసింది పిల్లకేనని అనుకున్నాడు. ఆ పిల్లంటే అతనికి ప్రాణం. సంబంధం చెడిపోతుందన్న భయం కన్నా, పిల్ల ఒళ్ళు మండిపోతూ ఉంటుందన్న దిగులే ముందు కమ్ముకుంది. ఆ వెనక తాతమ్మ మీద కోపం వచ్చింది. ఇంత జరిగితే తనకి చెప్పకుండా, వచ్చేవాళ్ళకీ అంటించేసి తాంబూలాలు కానిచ్చేద్దామనుకుందా?

ఏం చేయాలో తోచక పక్కింటి చిన్నతల్లిని గోడ పక్కకి పిలిచాడు.

"సిన్నతల్లీ, అమ్మోరు పోస్తే ఒంటి మంటకి ఏటి రాస్తారే? ఊరికే అడుగుతన్నాను."

"ఓలమ్మో! ఎవలికి మావా?"

"ఎవలికీ కాదు. నువ్వెవలికీ సెప్పకు."

చిన్నతల్లి మాట మీద నిలబడే మనిషి. అమ్మవారి మాట ఎవరికీ చెప్పలేదు, తన గుమ్మానికి మాత్రం వేపమండలు కట్టింది. ఎందుకు కట్టావని అడిగిన ముగ్గురికి లక్ష్ముడి ఇంటి వైపు చూసి ఊరుకుంది. తొమ్మిదయ్యేసరికి వీధిలో వేపమండ లేని గుమ్మం ఒక్క లక్ష్ముడిదే. అది చూసి, ఈ మొగుడూ పెళ్ళాలు ఎంత గుట్టుగా నెట్టుకొస్తున్నారోనని అందరికీ అనుమానం రెట్టింపైంది.

పదిన్నరకి లక్ష్ముడు ఇక ఉండబట్టలేక ధనరాజుకి ఫోన్ చేశాడు. వాళ్ళ కారు అప్పటికే ఊరి మొదట్లో టీకొట్టు దగ్గర ఆగింది.

"బావా, ఎనక్కెల్లిపోండి. మా ఇంటికి అమ్మోరు వచ్చినాది."

అవతల టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. "ఎవలికి?"

"పిల్లకి."

"రాత్రి మావోడితో వీడియో కాల్లో గంటసేపు నవ్వుకుంటా మాటాడినాది. నానే సూసినాను. తెల్లారేసరికి అమ్మోరు వచ్చీసినాదా?"

"వచ్చీసినాది బావా."

"ఎక్కడ కుదిరినాది మరో సంబంధం? బారువలోనా, కళింగపట్నంలోనా?" అని ధనరాజు ఫోన్ పెట్టేశాడు. వెనక్కి వెళ్ళలేదు. కారు తిన్నగా వీధిలోకే తీసుకొచ్చాడు.

వీధి మొత్తం బయటికొచ్చింది. ఆడవాళ్ళు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ధనరాజు పదడుగుల దూరంలో నిలబడి, తువ్వాలు మూతికి చుట్టుకుని, "పిల్లని ఒక్కపాలి గుమ్మంలోకి రమ్మను. ఇక్కణ్ణించే సూస్తాను," అన్నాడు.

లోపల అప్పుడే మొహం కడుక్కున్న అరుణశ్రీ, పెళ్ళివారు వచ్చేశారనుకుని పట్టుచీర సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. మొహం నిగనిగలాడుతోంది. మొటిమ కూడా లేదు.

లక్ష్ముడికి ఏడుపొచ్చింది. ఆనందంతో వచ్చిన ఆ ఏడుపు ధనరాజుకి దొంగ దొరికిపోయి ఏడ్చినట్టే కనిపించింది.

"ఇదేటి బావా! అమ్మోరెక్కడున్నాది? నాను సెప్పిన మాటేటి, మీరు సేసిన పనేటి?"

"నాను అబద్ధమాడనేదు బావా. మా ఆడది ముర్రాట పోసొచ్చినాది. కళ్ళారా సూసినాను. పిల్లకి గాపోతే ఎవలికి? నాకూ తెలీదు." లక్ష్ముడు పెళ్ళాం వైపు తిరిగాడు. "ఎవలికే? సెప్పు!"

జనంలో తలొక మాట మొదలైంది. తాతమ్మకే వచ్చిందేమో, చేతులు చూపించమన్నారు. ఆమె తమ్ముడి ఇంట్లోనేమో అన్నారు. కాదు, పిల్లకి బయటికి కనపడని రోగమేదో ఉంటుందని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ మాట వినగానే అరుణశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారులో కూర్చున్న నవీన్ దిగబోతే తండ్రి కళ్ళెర్రజేసి కూర్చోబెట్టాడు.

కూతురి కన్నీళ్ళు చూశాక తాతమ్మ ఆగలేకపోయింది.

"మందాకిని కోసం పోసినాను," అంది.

మందాకిని ఎవరో అక్కడ తెలియనివాళ్ళు లేరు. ఏడున్నర సీరియల్లో గాయని. పేరు కోసం ఎంతకైనా తెగిస్తుంది. తనకన్నా బాగా పాడుతుందని సొంత చెల్లెలి పాలల్లో మందు కలిపి గొంతు పోగొట్టింది. బతికున్న తల్లిని చచ్చిపోయిందని చెప్పి, విలేకరుల ముందు ఏడ్చి, ఫొటోలు తీయించుకుంది. కిందటి వారం కెమెరాల వైపు చెయ్యూపుతూ వెనక్కి నడిచి వేదిక మీద నుంచి పడిపోయింది. ఆపరేషన్ ఇవాళ సాయంత్రం. అది చావాల్సిందేనని రేవులో అందరికన్నా గట్టిగా అరిచింది తాతమ్మే.

"నువ్వా?" చిన్నతల్లి నోరు తెరిచింది. "దాని మీద జాలిపడ్డోళ్ళ తట్టలో సేప కుళ్ళిపోవాలని నువ్వు గాదేటి అన్నావు?"

"అన్నాను. ఇప్పుడూ అంతాను. అది మంచిది గాదు," అంది తాతమ్మ. "రాత్రి మంచం మీద కళ్ళు తెరిసి, నన్ను సూడ్డానికి ఎవలైనా వచ్చినారా అని అడిగినాది. నర్సు నేదన్నాది. పదిమందీ తనని సూడాలనే గదా అంత పాపం సేసినాది! ఆఖరికి ఒక్కరూ రానేదు. నాకు అన్నం సయించనేదు. ఏటి సెయ్యమంతారు?"

ధనరాజు తువ్వాలు తీసి దులిపాడు. "వదినా, టీవీలో బొమ్మకి ఎవలైనా ముర్రాట పోస్తారా? నన్ను ఎర్రిబాగులోణ్ణనుకున్నావా? ఈ ఇంట్లో ఏదో ఉన్నాది. అది మీరు సెప్పరు. డ్రైవరూ, బండి తిప్పు."

లక్ష్ముడు కూడా పెళ్ళాం వైపు అనుమానంగానే చూశాడు. తాతమ్మ ఆడవాళ్ళందరి వైపు తిరిగి దండం పెట్టింది.

"అమ్మలారా, ఇది నా పిల్ల బతుకు! మీలో ఒక్కరైనా దానికోసం మొక్కినోళ్ళు నేరా? ఒక్కరు సెప్పండి, నమ్ముతాడు!"

ఒకామె సముద్రం వైపు చూసింది. ఇంకొకామె చంకలో బిడ్డని జోకొట్టడం మొదలుపెట్టింది, బిడ్డ నిద్రపోతూనే ఉన్నాడు. చిన్నతల్లి పసుపంటిన రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

డ్రైవరు బండి తిప్పబోతుంటే వెనక తలుపు తెరుచుకుంది. ధనరాజు భార్య కూర్మమ్మ దిగింది. అంతవరకూ నోరు విప్పని మనిషి ఆమె. గుమ్మంలో ఏడుస్తున్న పిల్ల వైపు ఒకసారి చూసింది.

"వదిన సెప్పినాది నిజమే," అంది. "నాను మూడు పోసినాను."

ధనరాజు ఆమె వైపు తిరిగాడు. "మూడా? ఆ మూడూ నా మోకాలికి గదా పోసినావు!"

"ఎవలికోసమని మీరడిగితే, మరేటి సెప్పను? మీకోసమే అన్నాను."

"మరి మోకాలు తగ్గిపోయినాది గదే!"

"అది ఎందుకు తగ్గినాదో నాకేటి తెలుసండి."

ధనరాజు మార్కెట్ మొత్తానికి చెప్పుకున్న మోకాలది. ఆ మూడు ముర్రాటలతో తగ్గిందని చేతికర్ర కూడా గుడిలో ఇచ్చేశాడు. దాపరికం గురించి ఏదో అనబోయి నోరు తెరిచాడు. వీధిలో అందరూ అతని వైపే చూస్తున్నారు. నోరు మూసుకుని, చెప్పులు విప్పి, లక్ష్ముడి ఇంట్లోకి నడిచాడు. తాంబూలాలు పన్నెండున్నరకి పుచ్చుకున్నారు. చేప తేవడం ఎవరికీ గుర్తులేదు గనక పప్పన్నం తిన్నారు.

ఏడున్నర చూడకుండా వెళ్ళనని కూర్మమ్మ పట్టుబట్టడంతో సాయంత్రం రెండు కుటుంబాలూ టీవీ ముందు కూర్చున్నాయి. కిటికీ దగ్గర చిన్నతల్లి, ఆమె వెనక సగం వీధి. ఆపరేషన్ అయింది. మందాకిని మెల్లగా కళ్ళు తెరిచింది. తాతమ్మ, కూర్మమ్మ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. మందాకిని పెదాలు కదిలాయి.

"నేను పడిపోయిన ఫొటో పేపర్లో మొదటి పేజీలో వేశారా?"

"థూ! దీనికా నాను పొద్దున్నే సన్నీళ్ళలో తడిసినాను!" అని తాతమ్మ లేచింది.

"నీది ఒక్కటే వదినా. నావి మూడు," అంది కూర్మమ్మ.

"మరి ఇలాటిదాని మీద నీకు జాలెందుకే?" అన్నాడు లక్ష్ముడు.

తాతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మంచోళ్ళకైతే జాలిపడ్డానికి ఊరంతా వస్తాది. దీనికెవలున్నారు?" అని మళ్ళీ టీవీ ముందు కూర్చుంది.

ఇక బయలుదేరదామని కుర్చీలోంచి లేవబోయిన ధనరాజుకి మోకాలు కలుక్కుమంది.