“రెండో వైపు” బాక్సు

నిజమనేదానికి ఒక్కటే వైపు ఉంటుందని నమ్మేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. పాఠక మహాశయులారా, ఒంటికాలి మీద నిలబడ్డ నిజం ఎంతసేపు నిలబడుతుంది? అందుకే మా పత్రిక దానికి రెండో కాలు కూడా తగిలిస్తుంది. దాని పేరు “రెండో వైపు” బాక్సు. ఎడిట్ పేజీలో ఏ వ్యాసం పడ్డా, పక్కనే సరిగ్గా అంతే కొలతలో ఎదుటివాదం పడాలి. స్కేలు పెట్టి కొలిచేది ఆ పేజీ సంపాదకుణ్ణైన నేనే.

దీనివల్ల లోకానికి ఎంత మేలు! వానలు ముంచెత్తాయని రాసినరోజు, చినుకైనా పడలేదని ఒక పెద్దమనిషి చేత రాయించాం. ఆ ప్రూఫులు దిద్దుతుంటే కప్పు కారి నా బల్ల తడిసింది. అయినా నేను ఎటూ మొగ్గలేదు. బల్ల మాత్రం కాస్త పక్కకు జరుపుకున్నాను. ఎక్కాల పుస్తకం మీద సమీక్ష వేసినప్పుడైతే, ఎక్కాలు రాని ఒకాయన్ని వెతికి పట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది.

ఇంత చక్కటి ఏర్పాటు మా రాజకీయ వ్యాఖ్యాతకు మాత్రం గిట్టదు. తీవ్రవాదుల్ని, యూదుల మీద విషం కక్కేవాళ్ళని, రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ళ మీద జరిగిన మారణహోమం కట్టుకథ అనేవాళ్ళని ఆవిడ ఇరవై ఏళ్ళుగా దులిపేస్తూనే ఉంది. మొన్న తన వీధిలో గడియారాలు బాగుచేసే తొంభై దాటిన యూదు పెద్దాయన కథ రాసుకొచ్చింది. చిన్నప్పుడు సైనికులు ఇంటిల్లిపాదినీ లారీ ఎక్కించారట. ఇద్దరు చెల్లెళ్ళు తిరిగి రాలేదట.

వెంటనే, అదంతా బూటకమని ఊరూరా ఉపన్యాసాలిచ్చే ఒకాయనకు ఫోన్ చేసి ఆరువందల మాటలు రాయమన్నాను.

“ఈయన కళ్ళారా చూశాడండీ,” అంది ఆవిడ.

“చూడనివాళ్ళకీ పేజీలో చోటుండాలి కదమ్మా.”

“ఈ కథ పక్కన ఆ బాక్సు వేస్తే, ఆయన చెల్లెళ్ళని ఇంకోసారి చంపినట్టే. దయచేసి తీసేయండి.”

రూలు రూలే అన్నాను. ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే మా నాన్నగారు పోయారు. ఎడిట్ పేజీకి నేనే నివాళి రాశాను, ఏడుస్తూ రాశాను. ప్రూఫు చేతికొచ్చింది. పక్కనే, కొలత తప్పకుండా, ఆవిడ రాసిన బాక్సు ఉంది. అలాంటి మనిషి ఎన్నడూ లేడట. ఫొటో నమ్మదగ్గది కాదట. సానుభూతి కోసం కొడుకు అల్లిన కథట.

ఎర్రపెన్నుతో బాక్సు మొత్తం కొట్టేసి ఆవిడ గదికి వెళ్ళాను.

“ఆయన మా నాన్న. దీనికి రెండో వైపేమిటి?”

“క్షమించండి. అది అచ్చవ్వాలని రాయలేదు,” అంది ఆవిడ నెమ్మదిగా. “అయితే బాక్సు తీసేయడం మీకూ చేతనవునన్నమాట.”

నేను తొందరపడే మనిషిని కాను. రెండు రోజులు బాగా ఆలోచించాను. ఆదివారం నాన్నగారి నివాళి ఏ బాక్సూ లేకుండా పడింది. సోమవారం గడియారాల పెద్దాయన కథ బాక్సుతో సహా పడింది. కొలతలో వెంట్రుకవాసి తేడా రాలేదు. మంగళవారం ఆవిడ రాజీనామా ఇచ్చింది.

ఇందులో పక్షపాతమేమీ లేదని మీకు వేరే చెప్పక్కర్లేదు. మా నాన్నగారు ఉండేవారని నాకు తెలుసు. ఆ ఇద్దరు చెల్లెళ్ళంటారా, వాళ్ళు మావాళ్ళు కారు.