నిప్పుల మీద పడ్డ కచేరీ

ఆ ఉదయం పనిమనిషి గంగాదేవి అనుకున్న పని చిన్నదే. చుట్టాలు వచ్చేలోగా హాలుకు బఖూర్ పొగ వేయాలి. అర్దియాలోని ఆ అరబ్బుల ఇంట్లో అతిథికి కాఫీ ఎంతో, ధూపమూ అంతే. తీరా చూస్తే ధూపం డబ్బా ఖాళీ. ఇంటి యజమానురాలు మామాకు స్నేహితురాలై, ఆ ఇంట్లోనే దిగిన వయొలిన్ విద్వాంసురాలి పెట్టె పక్కన గుడ్డలో తేనెరంగు బిళ్ల ఒకటి కనిపించింది. కడపలో పుట్టిన మనిషికి గుగ్గిలం తెలియదా? నిప్పుల మీద వేసేసింది. హాలంతా గుప్పుమంది.

సామాను కోసం వచ్చిన డ్రైవర్ బుల్లిరాజు ఖాళీ గుడ్డ చూసి నెత్తి బాదుకున్నాడు.

"ఎంత పని చేశారండీ! అది రోజినండి. విల్లుకి రుద్దకపోతే తీగ పలకదండి. సాయంత్రం ఆవిడ మెండెల్సన్ కన్‌చెర్టో వాయించాలండి!"

గంగాదేవి గబగబా నిప్పుల్లోకి చూసింది. ఏమీ మిగల్లేదు. "మూడిండ్లల్లో ఏడ్సి ఏడ్సి ఈ మంచి ఇంట్లో పడినా రాజన్నా! మామాకు తెలిస్తే నా ఇఖామా ఖలాస్, ఊరికి పంపిచ్చేస్తాది!"

బుల్లిరాజు సబ్హాన్‌లోని కార్ఖానాల వాడకు పరుగెత్తాడు. అక్కడ రేడియేటర్లు అతికే అన్వర్ బాషా దగ్గర టంకానికి వాడే రోజిన్ ముక్క దొరికింది. కాని మసిబారి ఉంది. మెరవాలని గంగాదేవి కొబ్బరినూనె రాసి గుడ్డలో చుట్టింది.

"నూనె రాశారా? విల్లు జారిపోద్దండీ బాబూ!"

అప్పటికే విద్వాంసురాలు గుడ్డతో సహా అన్నీ సర్దుకుని కారెక్కింది.

మనవరాలిని చూసుకోవడానికి మామా గంగాదేవినీ కచేరీకి తీసుకెళ్లింది. మధ్యలో ఆపినప్పుడు నిజం చెప్పేద్దామని ఆమె కూర్చుంది. ఆ కన్‌చెర్టోలో మూడు భాగాలున్నా మధ్యలో ఆపడమన్నదే లేదని ఆమెకు ఎవరు చెబుతారు? విల్లు పరుగెత్తినప్పుడల్లా ఇదిగో జారింది, అదిగో జారిందని కళ్లు మూసుకుంది.

విల్లు జారలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గంగాదేవి మామా చేతులు పట్టుకుని, ఏడుస్తూ, వచ్చీరాని అరబీలో అంతా చెప్పేసింది.

మామా చెప్పగా విని విద్వాంసురాలు పడీపడీ నవ్వింది. కోటు జేబులోంచి కొత్త రోజిన్ తీసి చూపించింది. కాలిపోయింది పగిలిన పాతదట, పారేయడం మరిచిపోయిందట.

మామా మాత్రం నవ్వలేదు.

"పొద్దున వచ్చినవాళ్లంతా ఆ ధూపం ఎక్కడిదని ఒకటే అడిగారు. రేపూ అదే వెయ్యి."

మర్నాడు పొద్దున్నే బుల్లిరాజు మళ్లీ సబ్హాన్‌లో అన్వర్ బాషా దగ్గరికి వెళ్లాడు.